రివ్యూ మాట, కువైట్ ఎండ

కువైట్‌లోని హవల్లీలో మిర్రర్‌లెస్ కెమెరా కొనబోతున్నారా? రివ్యూలో వీడియో బాగుందని తొందరపడకండి. యూట్యూబ్ ప్రతి వీడియోనూ కుదిస్తుంది. నీడల్లోని నాయిస్, జుట్టు పోగుల స్పష్టత ఆ కుదింపులోనే మాసిపోతాయి. అంతకన్నా ముఖ్యం, వేడి. 2020లో కానన్ ఆర్‌ఫైవ్ కెమెరా వచ్చినప్పుడు, వేడెక్కి ఆగిపోయేలోపు 8కే రికార్డింగ్ 20 నిమిషాలేనని కంపెనీయే చెప్పింది. అదీ 23 డిగ్రీల దగ్గర! కువైట్‌లోని మిత్రిబాలో 2016 జులైలో దాదాపు 54 డిగ్రీలు నమోదైంది. చల్లటి గదిలో చేసిన పరీక్ష ఇక్కడి ఎండకు ఎలా చెల్లుతుంది?

కంపెనీ కెమెరా ఇస్తే రివ్యూ అబద్ధమేనా అంటారేమో. కాదు. ఇచ్చారని ముందే చెప్పి, లోపాలూ చూపి, అసలు ఫైలు డౌన్‌లోడ్‌కు పెట్టినవారిని నమ్మొచ్చు. వేడిలో ఎంతసేపు నడిచిందో చెబితే మరీ మంచిది. కొనేముందు షాపువాళ్లనడిగి మీ మెమరీ కార్డులోనే కాస్త వీడియో తీసుకోండి. ఇంటికెళ్లి పెద్ద తెర మీద చూశాకే డబ్బు కట్టండి.