ఎర్రరాయికి ఎన్ని పేర్లు?
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంక్షేమ సంఘం సభలో రాళ్ళ ముచ్చట ఏమిటని మీరనుకోవచ్చు. ఇంట్లో జబ్బు వచ్చినా, ఆడపిల్లకు సంబంధం కుదరకపోయినా మనవాళ్ళలో కొందరు పసుపు అమ్మిన పైసలు తీసి ఉంగరం రాయికి పెడుతున్నారు. "ఇది ఖురాన్‌లో చెప్పిన రాయి" అని అమ్మేవాడు అంటే చాలు, బేరం కూడా ఆడరు. కనుక ఆ గ్రంథాలలో ఏముందో కొంచెం చూద్దాం.

మొదట తౌరాత్. హజ్రత్ హారూన్ అలైహిస్సలాం వారు ధరించే వక్షపతకంలో పన్నెండు తెగలకు పన్నెండు రాళ్ళు ఉండాలని అందులో ఉంది. మొదటి రాయి పేరు హీబ్రూలో 'ఓదెం'. ఎరుపును తెలిపే మాట నుంచి వచ్చిన పేరది. ఎర్రనిదని తెలుస్తుంది గాని ఏ రాయో తెలియదు. గ్రీకులోకి మార్చినవారు 'సార్దియోన్' అన్నారు. అరబీ బైబిలులో 'ఎర్ర అఖీఖ్' అని, తెలుగు బైబిలులో 'మాణిక్యం' అని వేశారు. అఖీఖ్‌కూ మాణిక్యానికీ ధరలో నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా. భాష మారేసరికి రాయి విలువ ఎంత పెరిగిందో చూడండి!

ఇక ఖురాన్ షరీఫ్. 'యాఖూత్' ఒక్కసారి, 'మర్జాన్' రెండుసార్లు వచ్చాయి. రెండూ సూరె రహ్మాన్‌లోనే. ఉర్దూలో మర్జాన్‌ను మూంగా అంటారు, అంటే మన పగడం. కాని క్రీ.శ. 923లో కన్నుమూసిన ఇమామ్ తబరీ తమ తఫ్సీర్‌లో చిన్న ముత్యాలని కొందరు, పెద్ద ముత్యాలని కొందరు, ఎర్రపూస అని కొందరు చెప్పిన మాటలన్నీ వరుసగా రాసిపెట్టారు. యాఖూత్ నిర్మలత్వానికి, మర్జాన్ తెలుపుకు పోలిక అని వివరించిన పెద్దలూ ఉన్నారు. తెలుపైతే ఎర్ర పగడం ఎట్లా అవుతుంది? ఈ భేదాన్ని పెద్దలు దాచలేదు. అల్లాహ్ అనుగ్రహాలను గుర్తించమని చెప్పే ఆయతులవి. రాయి పేరు తేలకపోయినా ఆ అర్థానికి లోటు రాదు.

ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం వారి వెండి ఉంగరంలో హబషీ రాయి ఉండేదని సహీహ్ ముస్లింలో రివాయతు ఉంది. అది జజ్అ అని, అఖీఖ్ అని ఉలమాలు రెండు విధాలుగా చెప్పారు. ఇక వారు ఉంగరం చేయించుకున్నది ఉత్తరాల మీద ముద్ర వేయడానికి. ముద్ర లేని ఉత్తరాన్ని రాజులు చదవరని తెలిసి చేయించుకున్నారు. జబ్బులు పోగొట్టుకోవడానికి కాదు.

పేరును నమ్మక రాయినే పరీక్షించిన మహానుభావుడు అల్ బీరూనీ. వేయి సంవత్సరాల కిందటే నీటి సాయంతో తూచి యాఖూత్ వేరు, లాల్ వేరు అని చూపారు. అంతే పరిమాణం నీటికంటే కెంపు నాలుగింతల బరువు, లాల్ మూడున్నర పైచిలుకు, అఖీఖ్ రెండున్నర పైచిలుకు. ఐరోపాలో ఈ తేడా 1783లో గాని తేలలేదు. బ్రిటిష్ రాజకిరీటంలో 'బ్లాక్ ప్రిన్స్ రూబీ' అని పేరుపొందిన రాయి కెంపు కాదు, లాలే. మన తెలంగాణలోనే కొత్తగూడెం దగ్గర గరీబ్‌పేటలో గార్నెట్ అనే ఎర్రరాయి దొరుకుతుంది. రంగులోనే కాదు, బరువులో కూడా అది కెంపుకు దగ్గర. రాజుల దగ్గరే పేరు తప్పిందంటే మనబోటి వాళ్ళ సంగతి చెప్పాలా?

మార్కెట్‌లో పసుపు కొమ్మును విరిచి, లోపలి రంగు చూసిగాని ఎవరూ ధర కట్టరు. కొమ్ముకు ఉన్న పరీక్ష రాయికి లేకపోతే ఎట్లా? సొమ్ముగా కొనదలచినవారు ప్రయోగశాల సర్టిఫికెట్ అడగండి. కష్టం తీరుతుందని కొనేవారు మాత్రం ఆ పైసలు డాక్టరుకో, పిల్లల ఫీజుకో పెట్టి, దుఆ అల్లాహ్‌నే అడగండి. పవిత్ర గ్రంథం పేరు చెప్పి రాయి అమ్మేవాణ్ణి "ఏ రాయి బాబూ? పెద్దలకే తేలనిది నీకెట్లా తేలింది?" అని ఒక్క మాట అడిగితే చాలు.