నకలు మనది, తాళం ఎవరిది?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"నీ వృత్తి గురించి పది నిమిషాలు మాట్లాడు" అన్నారు సంఘం కార్యదర్శి గారు. కంప్యూటర్లలోని సమాచారానికి నకళ్లు తీసి భద్రంగా దాచడం నా పని. దాన్నే బ్యాకప్ అంటారు. ఆ పనికి వాడే సాఫ్ట్‌వేర్‌కు కంపెనీలు ధర ఎలా కడతాయో, లైసెన్సు ఎలా ఇస్తాయో చెబుతాను. ఇది మాకెందుకు అనుకోవద్దండి. ఈ హాల్లో ఆసుపత్రులు నడిపేవాళ్లున్నారు. కాలేజీలు, విత్తన కంపెనీలు, నాపరాయి ఫ్యాక్టరీలు, సహకార సంఘాలు నడిపేవాళ్లున్నారు. మీలో చాలామంది ఈ ఏడో వచ్చే ఏడో ఇలాంటి ఒక కొటేషన్ మీద సంతకం పెట్టబోతున్నారు. పెట్టే ముందు రెండు ప్రశ్నలు అడగండి. దేన్ని కొలిచి డబ్బు తీసుకుంటారు? నేను డబ్బు కట్టడం ఆపేస్తే నా నకలు నాకు తెరుచుకుంటుందా?

అసలు నకలు ఎందుకో కర్నూలు వాళ్లకు చెప్పనక్కరలేదు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ ఊళ్లోకి వచ్చాయి. సర్వరు ఏ గదిలో ఉందో నకలు కూడా అదే గదిలో ఉంటే అలాంటి రోజున రెండూ కలిసే మునుగుతాయి. నీళ్లు రాకపోయినా దొంగలు వస్తారు. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లను రాన్సమ్‌వేర్ పట్టుకుంది. అంటే దుండగులు ఫైళ్లకు తాళం వేసేశారు. సుమారు రెండు వారాలు ఓపీ చీటీలు చేత్తో రాసుకున్నారు. దాడి తగలని ఒక బ్యాకప్ సర్వరు మిగిలింది కాబట్టి ఈ-హాస్పిటల్ సమాచారం తిరిగొచ్చింది.

ఇక కొలత సంగతి. 2004లో ఉచిత కరెంటు రాకముందు బోరు మోటారుకు బిల్లు ఎలా వచ్చేదో ఇక్కడి రైతుబిడ్డలకు గుర్తుండే ఉంటుంది. మీటరు ఉండేది కాదు. మోటారు ఎన్ని హార్స్‌పవరో చూసి ఏడాదికి ఇంత అని కట్టించుకునేవాళ్లు. రాత్రంతా నడిపినా, బోరెండిపోయి మోటారు మూలన పడినా బిల్లు ఒకటే. ఇంటికి మాత్రం మీటరు, కాల్చిన యూనిట్లకే డబ్బు. కె.సి. కాలువ కింది మడికైతే ఎకరా లెక్కన నీటి తీరువ. మూడింటికీ మూడు కొలతలు.

బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లోనూ ఈ మూడు రకాలే ఉన్నాయి. సర్వరులో ప్రాసెసరు కూర్చునే చోటును సాకెట్ అంటారు. సాకెట్‌కు ఇంత అనేది హార్స్‌పవరు పద్ధతి. టెరాబైటుకు ఇంత అనేది మీటరు పద్ధతి. ఒక్కో వర్చువల్ మెషీనుకు, అంటే ఒక పెద్ద సర్వరు లోపల నడిచే ఒక్కో చిన్న సర్వరుకు ఇంత అనేది ఎకరా పద్ధతి. ఆఫీసు మెయిళ్లకైతే ఉద్యోగి తలకు ఇంత అంటారు.

సాకెట్ లెక్క చాలా ఏళ్లు నడిచింది. తర్వాత ఒక్కో ప్రాసెసరులో పదుల కొద్దీ కోర్లు వచ్చాయి. పది సర్వర్ల పని రెండు సర్వర్లలో సర్దుకుంది. కొనేవాళ్లకు బిల్లు తగ్గింది, అమ్మేవాళ్లకు రాబడి తగ్గింది. అందుకే చాలా కంపెనీలు మెల్లగా వర్చువల్ మెషీన్ల లెక్కకు, టెరాబైట్ల లెక్కకు మారాయి. కొలత మారిందంటే, దానివల్ల లాభం ఎవరికో ఒకసారి ఆలోచించండి.

ఒక ఉదాహరణ వేసుకుందాం. ఒక ఆసుపత్రికి 40 వర్చువల్ మెషీన్లు, 20 టెరాబైట్ల సమాచారం ఉందనుకోండి. స్కానింగ్ బొమ్మల వల్ల సమాచారం ఏటా 30 శాతం పెరుగుతోంది. రెండో ఏడు 26, మూడో ఏడు 34, నాలుగో ఏడు 44, ఐదో ఏడు 57 టెరాబైట్లు. టెరాబైట్ల లెక్కన కొంటే ఐదో ఏటికి బిల్లు దాదాపు మూడింతలు. మెషీన్ల లెక్కన కొంటే ఐదో ఏడు కూడా ఆ నలభైకే. ఇప్పుడు ఒక కాలేజీ తీసుకోండి. ల్యాబుల కోసం 120 చిన్న మెషీన్లు, అన్నీ కలిపి 4 టెరాబైట్లే. దానికి టెరాబైట్ల లెక్కే లాభం. పక్కవాళ్లు కొన్నారని అదే కొనకూడదు. మన దగ్గర పెరిగేదేదో దాన్ని కొలిచే లైసెన్సు మనకు ఖరీదు.

టెరాబైటులోనూ ఒక మెలిక ఉంది. అసలు సమాచారం సైజును కొలిస్తే ఫ్రంట్ ఎండ్ అంటారు. నకళ్లన్నీ కుదించి దాచిన తర్వాత డిస్కు మీద పట్టిన చోటును కొలిస్తే బ్యాక్ ఎండ్. రెండో పద్ధతిలో జాగ్రత్త కోసం ఇంకో నకలు తీసినా, పాత నకళ్లు ఎక్కువ రోజులు ఉంచినా బిల్లు పెరుగుతుంది. కొటేషన్ మీద ఒట్టి "టీబీ" అని ఉంటే ఏ టీబీయో రాయించుకోండి.

రెండో ప్రశ్న ఇంకా ముఖ్యం. పూర్వం లైసెన్సు ఒకసారి కొంటే శాశ్వతం. ఏటా మద్దతు కోసం ధరలో ఐదో వంతు అటూ ఇటూ కట్టేవాళ్లం. ఇప్పుడు ఎక్కువగా చందా పద్ధతి. ఏడాదికో మూడేళ్లకో కట్టాలి, గడువు తీరితే మళ్లీ కట్టాలి. మనం ఆధారపడిన కంపెనీ చేతులు మారినా రూలు మారవచ్చు. వర్చువల్ మెషీన్లను నడిపే వీఎంవేర్‌ను బ్రాడ్‌కామ్ 2023 నవంబరులో కొన్నది. డిసెంబరుకల్లా శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపేసి, కోర్ల లెక్కన చందా పెట్టింది. అప్పుడు వేరే వేదికకు మారాలనుకున్నవాళ్లకు ఒక సందేహం వచ్చింది: మన బ్యాకప్ లైసెన్సు మనతో వస్తుందా? వీమ్ లాంటి కంపెనీలు 2019 నుంచే ఎక్కడికైనా మార్చుకునే లైసెన్సులు అమ్ముతున్నాయి. అన్నీ అలా ఉండవు.

మూడేళ్ల చందాకు ఇంకో ఇబ్బంది ఉంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలు 8 ఏళ్లు ఉంచాలి. అవి ఎలక్ట్రానిక్ రూపంలో ఉంటే, 2022 ఆగస్టు సవరణ ప్రకారం, మన దేశంలోని సర్వరులో రోజూ నకలు ఉండాలి. బాధ్యత 8 ఏళ్లు, లైసెన్సు 3 ఏళ్లు. మధ్యలోని 5 ఏళ్ల మాటేమిటి? నేను చూసిన ఒక ఆసుపత్రి మూడేళ్లకు సాఫ్ట్‌వేర్ మార్చింది. పాత నకళ్లు పాత సాఫ్ట్‌వేర్‌తోనే తెరుచుకుంటాయి. కొత్తది కొన్న తర్వాత కూడా ఆ పాతదానికి ఏటా కడుతూనే ఉన్నారు. గడువు తీరాక కొన్ని సాఫ్ట్‌వేర్లు కొత్త నకళ్లు ఆపి పాతవి తిరిగి తీసుకోనిస్తాయి, కొన్ని ఆ దారీ మూస్తాయి. సేల్స్ అబ్బాయి నోటిమాట చాలదు, ఒప్పందంలో ఒక వాక్యం ఉండాలి.

కడపలో ఉండి ఈ మాట చెప్పేటప్పుడు బ్రౌన్ దొర గుర్తుకు రాకుండా ఉండడు. 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చాడు. పండితులకు తన జేబులోంచి జీతాలిచ్చి, చెదలు తింటున్న తాటాకు పుస్తకాలకు కాగితం మీద నకళ్లు రాయించాడు. ఆ నకలు చదవాలంటే తెలుగు వస్తే చాలు, ఇంకెవరికీ ఏటా చందా కట్టక్కరలేదు. రెండు వందల ఏళ్లయినా ఆ కష్టం మనకు అందుతోంది.

తిరిగి తెచ్చుకోవడానికయ్యే ఖర్చునూ ముందే లెక్కేసుకోండి. 100 ఎంబీపీఎస్ లైను మీద 20 టెరాబైట్లు క్లౌడు నుంచి రావాలంటే రాత్రింబవళ్లు ఆగకుండా 18 రోజులు దాటుతుంది. పెద్ద క్లౌడు కంపెనీలు సమాచారం లోపలికి పెట్టడానికి డబ్బు అడగవు, బయటికి తీసేటప్పుడు జీబీ లెక్కన వసూలు చేస్తాయి. పైన 18 శాతం జీఎస్టీ. ఉచిత సాఫ్ట్‌వేర్లు లేవా అంటే ఉన్నాయి. బాకులా, రెస్టిక్, ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ సర్వర్ మంచివే. సాఫ్ట్‌వేరు ఉచితం గానీ చూసుకునే మనిషి ఉచితం కాదు. మీ ఊళ్లో ఆ పని వచ్చిన మనిషి ఉంటే ఎంచుకోండి, లేకపోతే కొనుక్కోండి. ఏది తీసుకున్నా మూడు నెలలకోసారి ఒక ఫైలు నిజంగా వెనక్కి తెచ్చి చూడండి.

చివరిగా మన బడి సంగతి. ఆఫీసు గదిలో బీరువా నిండా యాభై ఏళ్ల అడ్మిషన్ రిజిస్టర్లున్నాయి. పుట్టినతేదీ రుజువు కోసం, పోయిన టీసీ నకలు కోసం మనవాళ్లు ఇప్పటికీ వస్తుంటారు. కువైట్ పోవడానికి పాస్‌పోర్టు కావాల్సిన వాళ్లకు ఆ ఒక్క గీత జీవనాధారం. దానికి మాత్రం ఇంతవరకు ఒకటే ప్రతి ఉంది.

దీనికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కరలేదు. ప్రతి పేజీనీ స్కాన్ చేసి, ఏ కంప్యూటరులోనైనా తెరుచుకునే పీడీఎఫ్‌గా ఉంచుదాం. పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్ చెప్పిన 3-2-1 సూత్రం మా వృత్తిలో అందరికీ తెలుసు: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట. ఒకటి బడి కంప్యూటరులో, ఒకటి విడి హార్డ్‌డిస్కు మీద కర్నూలులో, ఒకటి కడపలో. విద్యార్థుల వివరాలు కాబట్టి తాళం వేసే ఉంచుదాం. ఆ తాళంచెవి హెడ్మాస్టరు గారి దగ్గర ఒకటి, సంఘం దగ్గర ఒకటి ఉండాలి.

స్వర్ణోత్సవానికి పోగైన నిధిలోంచి ఒక స్కానరుకు, రెండు డిస్కులకు, రెండు నెలలు కూర్చుని పనిచేసే ఒక అబ్బాయి జీతానికి సరిపడా సొమ్ము కేటాయించాలని సర్వసభ్య సమావేశాన్ని కోరుతున్నాను. పని నేర్పే బాధ్యత నాది. హెడ్మాస్టరు గారు సెలవిస్తే వచ్చే ఎండాకాలం సెలవుల్లోనే మొదలుపెడదాం.