కంప్యూటర్ల వలలో రద్దీ

1986వ సంవత్సరము అక్టోబరు మాసమున అమెరికాలోని బర్కిలీ పట్టణమున ఒక వింత జరిగినది. అచ్చట కొండమీద లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలయు, దిగువను కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమును ఉన్నవి. రెంటికిని నడుమ దూరము 400 గజములు. ఆ రెండు చోట్ల కంప్యూటర్ల నడుమ సెకనుకు 32,000 బిట్ల వంతున సాగుచుండిన సమాచారము 40 బిట్లకు పడిపోయినది. సెకనుకు 40 బిట్లనగా అయిదు ఆంగ్లాక్షరములు. 4,000 అక్షరముల లేఖ యొకటి చేరుటకు పదమూడు నిమిషములు దాటును. అంతలో ఒక కుఱ్ఱవాడు కాగితము చేతబట్టుకొని నడచిపోయి, ఇచ్చి, తిరిగి రాగలడు.

తీగలు తెగలేదు. యంత్రములు చెడలేదు. మఱి దోష మెక్కడ? ప్రయోగశాలలో పనిచేయుచుండిన వాన్ జాకబ్సన్, విశ్వవిద్యాలయమునందలి మైకేల్ కేరెల్స్‌తో కలిసి ఈ ప్రశ్నను పట్టుకొనెను.

కంప్యూటరు పంపు సందేశము ఒక్క ముద్దగా పోదు. చిన్న చిన్న ప్యాకెట్లుగా విడిపోయి సాగును. దారిలోని కూడళ్ళయందు యంత్రములు వానిని వరుసలో నిలిపి ఒక్కటొక్కటిగా ముందుకు పంపును. వరుస నిండినచో, వచ్చినదానిని పాఱవేయును. చేరిన ప్యాకెట్టునకు అవతలివారు రసీదు పంపుదురు. రసీదు సకాలమున రానిచో, పంపినవాడు అదే ప్యాకెట్టును మరల పంపును.

చిక్కంతయు ఈ ‘మరల’ అను మాటలోనే యున్నది. ప్యాకెట్టు పోలేదు, వరుసలో నిలిచియున్నది, అంతే. పంపినవాడు తొందరపడి నకలు పంపును. ఆ నకలు వరుసను మఱింత పెంచును. ఆలస్యము హెచ్చును. అందఱును మఱిన్ని నకళ్ళు పంపుదురు. తీగ రేయింబవళ్ళు నిండియే యుండును, కాని అందు నడచునది చాలవఱకు ఇదివఱకే చేరిన సరకు! జాన్ నేగిల్ అను నతడు 1984లోనే ఈ ప్రమాదమును వర్ణించి హెచ్చరించియుండెను.

జాకబ్సన్ కనుగొనిన మూలసూత్రము మన పెండ్లిపంక్తి నెఱిగినవారికి క్రొత్త కాదు: ఒకరు లేచినగాని మఱొకరికి విస్తరి వేయరాదు. ఒక ప్యాకెట్టు వలనుండి వెలువడినదని రసీదు తెలిపిన పిమ్మటనే క్రొత్తది లోనికి పోవలెను. ఇక మొదట పంక్తి నింపు టెట్లు? అంతకుముందు, అవతలివాడు పట్టగలిగినంతయు ఒక్కసారిగా కుమ్మరించు చుండిరి. ప్రయోగశాలలోని తీగ సెకనుకు ఒక కోటి బిట్లు మోయును. వెలుపలి దూరపు తీగ మోయునది 56,000 మాత్రమే. కుమ్మరించిన దేమగునో శ్రోతలు ఊహింపగలరు. క్రొత్త పద్ధతిలో మొదట ఒకటి, రసీదు వచ్చినచో రెండు, పిదప నాలుగు, ఎనిమిది. దీనికి ‘నెమ్మది ఆరంభము’ అని పేరు పెట్టిరి. ప్రతిసారియు రెట్టింపగుదానిని నెమ్మది యనుట చోద్యమే.

తీగలో చెడిపోయి నశించు ప్యాకెట్లు నూటికి ఒకటికంటె తక్కువ. కావున ప్యాకెట్టు తప్పిపోయిన దనగా దారి కిక్కిరిసిన దని గ్రహింపవలెను. అప్పుడు పంపు పరిమాణమును సగమునకు తగ్గించి, మరల కొంచెము కొంచెముగా పెంచుకొనవలెను. ఇట్లు నిదానముగా పెంచి, చటుక్కున తగ్గించిన యెడల, తీగను పంచుకొనువారి వాటాలు క్రమముగా సమానమగునని చియు, భారతదేశమున పుట్టిన రాజ్ జైనును 1989లో గణితముచే నిరూపించిరి.

ఈ సవరణలు 1988 జూనులో బర్కిలీ యూనిక్సు కూర్పులో వెలువడి దేశదేశములకు ప్రాకినవి. క్రొత్త తీగలు వేయలేదు. పంపువాని కంప్యూటరులోని సాఫ్ట్‌వేరును మాత్రమే మార్చిరి. నా కన్నిటికంటె విశేషముగా తోచున దిది: దారిలో దీనిని శాసించు అధికారి లేడు. రద్దీ కనబడగానే ప్రతి కంప్యూటరును తనంతట తానే వెనుకకు తగ్గును. తగ్గనివానికి లాభమే కలుగును. అందఱును అట్లు చేసిననాడు 1986 అక్టోబరు మరల వచ్చును.

కాలక్రమమున జ్ఞాపకశక్తి చిప్పలు చవుకైనవి. కూడళ్ళలోని వరుసలను తయారీదారులు విపరీతముగా పొడిగించిరి. ప్యాకెట్లు తప్పిపోవుట తగ్గినది, నిజమే. కాని తగ్గుమని చెప్పు సూచనయు ఆలస్యమాయెను. 2012లో జాకబ్సన్, కేథలీన్ నికొల్స్ కలిసి, వరుస పొడవును గాక, అందు ప్యాకెట్టు నిలిచిన కాలమును కొలుచు ఉపాయమును ప్రకటించిరి. 2016లో గూగుల్ సంస్థలో జాకబ్సనును అతని సహచరులును మఱొక అడుగు వేసిరి. ప్యాకెట్టు నశించువఱకు ఆగక, దారి ఎంత మోయగలదో, రాకపోకల కెంత కాలము పట్టునో కొలిచి దానిని బట్టి పంపుటయే ఆ పద్ధతి. అయితే కొన్ని సందర్భములలో ఈ క్రొత్తపద్ధతి పాతపద్ధతివారి వాటాను ఆక్రమించు చున్నదని పరిశోధకులు చూపిరి. తరువాతి కూర్పులలో దానిని సవరింప పూనుకొనిరి.