మాదీఫలం: చేతులు మారే పండు



ఎవరి జ్ఞాపకార్థం ఏటా ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ మాస్టారు వృక్షశాస్త్రం చెప్పేవారు. ఒక మొక్కను పరిచయం చేస్తే ఆకు, పువ్వు, కాయతో ఆగేవారు కారు. దాన్ని ఏ జనం ఏ అవసరానికి పెంచుకున్నారో చెప్పాకే సుద్దముక్క కింద పెట్టేవారు. ఆయన పేరిట మాట్లాడమన్నప్పుడు నాకు వెంటనే తోచింది మాదీఫలం. యూదుల పర్ణశాలల పండగ ఈ పండు లేనిదే జరగదు. తెలుగు బైబిలు లేవీయకాండం 23వ అధ్యాయంలో దబ్బపండ్లుగా మనం చదివేది దీన్నే. హీబ్రూలో ఎత్రోగ్ అంటారు.

పసుపుపచ్చని, గరుకైన మందపాటి తొక్క. కోస్తే రసం కొంచెమే, తెల్లటి కండే ఎక్కువ. ఒక్క పండు పెడితే గదంతా వాసన. దీని పుట్టిల్లు మన ఈశాన్యం, హిమాలయాల దిగువ ప్రాంతం. అక్కడి నుంచి పర్షియా మీదుగా పడమరకు వెళ్లింది. యెరూషలేము దగ్గర రామత్ రాహేల్ తవ్వకాల్లో, పర్షియన్ల ఏలుబడి నాటి ఉద్యానవనపు గచ్చులో దీని పుప్పొడి దొరికింది. నిమ్మజాతి వంశవృక్షంలో ఇది మూలపురుషుల్లో ఒకటి. గూడూరు మార్కెట్లో బస్తాలకెత్తే మన నిమ్మకాయకు కూడా ఇది తండ్రి వరసే అవుతుంది.

పర్ణశాలల పండగ తిష్రీ నెల 15న మొదలై ఏడు రోజులు సాగుతుంది. మన లెక్కలో సెప్టెంబరు, అక్టోబరు నెలలు. పంట ఇంటికి చేర్చుకున్న సంతోషం, ఐగుప్తు నుంచి బయటపడి ఎడారిలో గుడారాల్లో గడిపిన పూర్వీకుల జ్ఞాపకం, రెండూ ఇందులో కలిశాయి. ఇంటి బయట పందిరి వేసి, చుక్కలు కనిపించేటంత పలచగా కొమ్మలు కప్పి, భోజనాలు అందులోనే చేస్తారు. పొద్దున పూట నాలుగు వృక్షజాతులను చేతబడతారు. విచ్చుకోని ఖర్జూరపు మొవ్వకు మూడు గొంజి (మిర్టిల్) కొమ్మలు, రెండు నిరవంజి (విల్లో) కొమ్మలు జతకట్టి కుడిచేత, ఎత్రోగ్‌ను ఎడమచేత పట్టుకుంటారు. చాలామంది మొదట పండును తలకిందులుగా పట్టుకుని ఆశీర్వచనం చదివి, ఆ తర్వాత తిన్నగా తిప్పుతారు. విధి పూర్తికాకముందే ఆశీర్వచనం ముగియాలని ఈ ఏర్పాటు. అప్పుడు నాలుగు దిక్కులకూ, పైకీ, కిందికీ ఊపుతారు.

పండు ఎలా ఉండాలన్న దానిమీద యూదుల ధర్మశాస్త్ర సంకలనమైన మిష్నా కాలం నుంచి చర్చ ఉంది. దొంగిలించినది, ఎండిపోయినది పనికిరావు. తొడిమకు ఎదురు కొసన పువ్వు మిగిల్చిన చిన్న మొన ఉంటుంది. దాన్ని పితమ్ అంటారు. ఉన్న పితమ్ విరిగితే పండు విలువ పోయినట్టే. అందుకే అవిసెనారలో చుట్టి వెండిపెట్టెల్లో దాచేవారు. మిష్నాలో కనీస పరిమాణం కూడా ఉంది: అక్రోటుకాయంత చాలన్నారు రబ్బీ (ధర్మపండితుడు) మేయిర్, కోడిగుడ్డంత ఉండాలన్నారు రబ్బీ యూదా.

నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది ఇంకో నియమం. పండగ మొదటి రోజున చేతిలోని పండు పట్టుకున్నవాడి సొంతమై ఉండాలి. ఎరువు తెచ్చుకున్నది చెల్లదు. మరి లేనివాడు ఏం చేయాలి? దీనికి మిష్నాపై చర్చల గ్రంథమైన తాల్ముడ్ ఒక ఓడ ప్రయాణం కథ చెబుతుంది. రబ్బాన్ గమలియేలు, రబ్బీ యెహోషువ, రబ్బీ ఎలియాజరు బెన్ అజర్యా, రబ్బీ అకీవా నలుగురూ ఓడలో ఉండగా పండగ వచ్చింది. ఖర్జూరపు మొవ్వ గమలియేలు ఒక్కరి దగ్గరే ఉంది, అదీ వెయ్యి జూజులు (వెండి నాణేలు) పోసి కొన్నది. ఆయన తన విధి ముగించి దాన్ని యెహోషువకు దానమిచ్చారు. యెహోషువ ఎలియాజరుకు ఇచ్చారు, ఎలియాజరు అకీవాకు ఇచ్చారు. అకీవా మళ్లీ గమలియేలుకే ఇచ్చేశారు. తిరిగి ఇస్తానన్న షరతుమీద ఇచ్చినా అది దానమే అని దీని నుంచి తీర్పు చెప్పుకున్నారు. ఎత్రోగ్‌కూ ఇదే వర్తిస్తుంది.

ఇది చట్టంలోని కిటుకులా అనిపించవచ్చు. నేను అలా అనుకోను. దానం ఉత్తుత్తిది కాదని చెప్పే సాక్ష్యం అదే గ్రంథంలో ఉంది. మొదటి రోజున పెద్దలందరి వంతు అయ్యేదాకా పండును చిన్నపిల్లాడికి దానంగా ఇవ్వకూడదు. పిల్లాడు పుచ్చుకోగలడు కానీ చట్టప్రకారం తిరిగి ఇవ్వలేడు. ఇచ్చారంటే పండు వాడిదైపోతుంది, తర్వాతివాళ్లు ఏమీ చేయలేరు. ఇంత పట్టింపు ఉన్నచోట ఇచ్చిన క్షణంలో యాజమాన్యం నిజంగానే మారుతోందన్నమాట. తూర్పు ఐరోపాలోని చలి ఊళ్లలో ఈ చెట్టు బతకదు. పండు ఇటలీ నుంచో గ్రీసు నుంచో రావాలి. బీద ఊళ్లు అందరి డబ్బుతో ఒక్క పండు కొని ఇలాగే చేతులు మార్చుకున్నాయి. ఆ కొద్ది నిమిషాలూ చెప్పులు కుట్టేవాడు కూడా ఆ ఖరీదైన పండుకు పూర్తి హక్కుదారు.

యుద్ధంలో కూడా ఈ పట్టుదల సడలలేదు. 1960లో పురావస్తు శాస్త్రవేత్త ఇగాయెల్ యాదిన్ బృందం మృతసముద్రం దగ్గరి గుహలో రోమన్లపై తిరగబడిన బార్ కోఖ్‌బా ఉత్తరాలను వెలికితీసింది. అందులో ఒకటి అరమాయిక్‌లో ఉంది: రెండు గాడిదలను పంపుతున్నాం, మొవ్వలూ ఎత్రోగ్‌లూ శిబిరానికి తోలించండి, గొంజీ నిరవంజీ కూడా సమకూర్చండి అని దాని సారాంశం. తిరుగుబాటు చివరి రోజుల్లో ఒక సేనానికి ఉన్న చింతల్లో ఇదొకటి.

ఇక ఇదే పట్టుదల కనిపించే ఇంకో చోటు, అంటు. నల్గొండ, అనంతపురం బత్తాయి రైతులకు అంటు కట్టని తోట ఊహకే రాదు. మాదీఫలం చెట్టు సున్నితం, ఆయుష్షు తక్కువ. కాబట్టి ఇతర నిమ్మజాతుల మొదళ్ల మీద అంటు కట్టడం మధ్యధరా రైతులకూ లాభసాటే. కానీ 16వ శతాబ్దం నుంచి రబ్బీలు అంటుచెట్టు పండును మరో జాతి కలిసినదిగా ఎంచి తిరస్కరిస్తూ వచ్చారు. అందుకే నేటికీ వేసవిలో రబ్బీలు ఇటలీలోని కలాబ్రియా తీరానికి, సాంటా మరియా దెల్ చెద్రో చుట్టుపక్కల తోటలకు వెళ్తారు. చెట్లు పొట్టి, కొమ్మల నిండా ముళ్లు. వంగి, మోకరించి ముందు మొదలు తడుముతారు, అంటు మచ్చ ఉందేమోనని. తర్వాతే పండు చూస్తారు. పక్కన నిలబడి కోసిపెట్టేది క్యాథలిక్ రైతు. మొరాకోలో, యాంటీ అట్లాస్ కొండల్లోని అస్సాద్స్‌లో ఈ చెట్లను సాకేది బెర్బెర్ ముస్లింలు. వేరే మతం పండగ కోసం అంటు కట్టకుండా తోట కాపాడిన ఈ రైతుల నిజాయితీకి నేను చేతులెత్తి మొక్కుతాను. పండు జాతి స్వచ్ఛత గురించి శాస్త్రం కూడా చెప్పింది. వేర్వేరు దేశాల సంప్రదాయ ఎత్రోగ్‌లను జన్యుపరంగా పరీక్షించి 2005లో ప్రచురించిన ఫలితాల్లో అవి మరో జాతి కలవని మాదీఫలాలేనని తేలింది.

అన్నిచోట్లా ఇంత సామరస్యం లేదు. గ్రీసులోని కోర్ఫూ ద్వీపం పండుకు ఒకప్పుడు గొప్ప పేరుండేది. 1891లో అక్కడ ఒక యూదు బాలిక హత్యకు గురైతే, ఆ నేరాన్ని యూదుల మీదే మోపి దాడులు చేశారు. చాలామంది ద్వీపం వదిలిపోయారు. ఇతర దేశాల యూదులు కోర్ఫూ పండ్లను బహిష్కరించారు.

విద్యార్థులకు చివరిగా ఒక విషయం. గుంటూరు ప్రాంతంలో, చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిమ్ యూదులున్నారు. మాదిగ నేపథ్యం నుంచి వచ్చి, తమను ఇశ్రాయేలీయుల ఎఫ్రాయిము గోత్రపు వారసులుగా చెప్పుకునే చిన్న సమాజం అది. వాళ్ల గురించి యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ రాసిన పుస్తకం 2013లో వచ్చింది. ఎవరు ఎవరివారో తేల్చే హక్కు ఎవరిదన్న ప్రశ్న అందులో ఎదురవుతుంది. మొదలు తడిమి పండు తీసుకునే రబ్బీల దగ్గరా ఇదే ప్రశ్న చూశాం, చెట్టు విషయంలో. మనిషి విషయంలో ఆ పరీక్ష పెట్టడం నాకు సమ్మతం కాదు. ఆ పుస్తకం తెచ్చుకుని చదవండి, తర్వాత కొత్తరెడ్డిపాలెం వెళ్లి వాళ్ల మాట వాళ్ల నోటే వినండి.