కడుపులో గడ్డ అంటే భయపడి కూర్చోవద్దు
(హోసూరు, కృష్ణగిరి మిల్లు కార్మికుల సభలో యూనియన్ కార్యదర్శి ప్రసంగం)



జీతం, బోనసు మాట్లాడుకునే ఈ వేదిక మీద ఈసారి ఒక జబ్బు సంగతి చెబుతున్నాం. రిపోర్టులో "క్లోమంలో గడ్డ" అని కనబడితే చాలు, మన ఇళ్ళలో ఏడుపులు మొదలవుతాయి. లేదా నగలు తాకట్టు పెట్టి ఊరూరా తిరుగుతారు. రెండూ వద్దు.

క్లోమం జీర్ణాశయం వెనక దాగి ఉంటుంది. ముందున్న పేగుల్లోని గాలి అడ్డం వచ్చి మామూలు కడుపు స్కానింగులో సరిగా కనబడకపోవచ్చు. అందుకే నరానికి మందు ఎక్కించి సి.టి. తీస్తారు. ఆ యంత్రాన్ని తయారు చేసింది ఇ.ఎం.ఐ. కంపెనీ ఇంజనీరు హౌన్స్‌ఫీల్డ్. ఆయనకు యూనివర్సిటీ పట్టా లేదు. 1971లో లండన్‌లో తొలి రోగికి వాడారు, 1979లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

క్లోమంలో వచ్చే క్యాన్సర్లలో ఎక్కువ భాగం నాళాల్లో పుట్టేవి, ప్రమాదకరమైనవి. కానీ చాలా అరుదుగా కొవ్వు, నరం పైపొర, పీచు కణజాలం నుంచి కూడా గడ్డలు వస్తాయి. కొవ్వు గడ్డను సి.టి. తేలిగ్గా పట్టిస్తుంది. పీచు గడ్డ అలా కాదు. దానికి రక్తం ఎక్కువ కనుక మందు ఎక్కగానే తెల్లగా వెలుగుతుంది. హార్మోను గడ్డ కూడా అలాగే వెలుగుతుంది. బొమ్మ ఒక్కటే చూసి తేల్చడం అనుభవమున్న డాక్టరుకూ కష్టమే. ఎమ్మారై, గొంతులోంచి గొట్టం దించి చేసే స్కానింగు, సూదితో ముక్క తీసే పరీక్ష అవసరం కావచ్చు. ఈ అరుదైన గడ్డల్లో చాలావాటిని ఆపరేషన్‌తో తీసేయవచ్చు.

కాబట్టి గుర్తుంచుకోండి. కళ్ళు పచ్చబడినా, కారణం లేకుండా బరువు తగ్గినా, కడుపునొప్పి వీపుకు పాకినా గ్యాస్ అనుకుని మాత్రలు మింగుతూ కూర్చోవద్దు. మందు ఎక్కించే ముందు కిడ్నీ జబ్బు, అలర్జీ, షుగరు మాత్రల సంగతి చెప్పండి. పాత ఫిల్ములు పారేయవద్దు. గడ్డ పెరిగిందా లేదా అన్నది వాటితో పోల్చితేనే తెలుస్తుంది.

ఇక ఖర్చు. 1948 చట్టంతో వచ్చిన ఇ.ఎస్.ఐ. ఎవరి దయా కాదు. 2019 జూలైలో అమల్లోకి వచ్చిన లెక్క ప్రకారం మన జీతంలో నూటికి 0.75, యజమాని వాటా 3.25. జీతంలో కోత పడుతోందో లేదో, కార్డులో భార్యాబిడ్డల పేర్లున్నాయో లేదో ఈ వారమే చూసుకోండి. పెద్ద పరీక్షకు ముందు డిస్పెన్సరీలో రిఫరల్ కాగితం అడగండి. ఇ.ఎస్.ఐ. లేని కాంట్రాక్టు కార్మికులు ముఖ్యమంత్రి బీమా కార్డు తీసుకోండి, కాంట్రాక్టరు పేరుతో సహా యూనియన్ ఆఫీసుకు రండి. వారి పేర్లు నమోదు చేయించే దాకా మేము ఊరుకోం.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!