ముందా, వెనుకా?



ఎడారిలో దిక్కు తెలియని ప్రయాణికుడు నమాజు వేళ ఏం చేయాలన్నది మన ఫిఖ్హ్ గ్రంథాలలోని పాత ప్రశ్నే. తెలిసినవారుంటే అడగాలి. లేకుంటే ఆనవాళ్లు వెదికి నిర్ణయించుకోవాలి. నమాజులో ఉండగానే పొరపాటు తెలిస్తే అక్కడికక్కడే ఖిబ్లా వైపు తిరగాలి. ఈ మాట తలచినప్పుడల్లా లిబియా ఎడారిలో జరిగిన ఒక సంఘటన నాకు గుర్తుకు వస్తుంది.

1943 ఏప్రిల్ 4. లిబియా తీరప్రాంతంలోని సొలూక్ స్థావరం నుండి నేపుల్స్ వైపు వెళ్లిన అమెరికా బాంబర్ విమానం ‘లేడీ బి గుడ్’ రాత్రివేళ ఒంటరిగా తిరిగి వస్తోంది. అందులో తొమ్మిది మంది. ఆ బృందానికి అదే తొలి యుద్ధయాత్ర. ఉపగ్రహాలు లేని ఆ కాలంలో చీకటిలో రేడియోయే పెద్ద దిక్కు. తన విమానంలోని దిక్కు చూపే పరికరం పనిచేయడం లేదని తెలిపి, పైలట్ బెనీనా కేంద్రాన్ని దిశ అడిగాడు.

ఆ కేంద్రంలో ఉన్నది చట్రంలా చుట్టిన లూప్ ఏంటెన్నా. దానిని తిప్పుతూ పోతే ఒకచోట విమానం నుండి వచ్చే ధ్వని సన్నగిల్లుతుంది. దానితో విమానం ఏ గీతపై ఉన్నదో తెలుస్తుంది. కాని చట్రాన్ని మరో అర్ధచుట్టు తిప్పినా ధ్వని అలాగే సన్నగిల్లుతుంది. కనుక విమానం ఆ గీతకు ఏ కొసన ఉన్నదో ఆ చట్రం ఒక్కటే చెప్పలేదు. కేంద్రం 330 డిగ్రీలన్నది, అంటే వాయవ్యాన, సముద్రం మీద. నిజానికి విమానం అప్పటికే తీరం దాటి, అదే గీతపై ఆగ్నేయంగా ఎడారిలోకి పోతోంది.

ఈ లోపం ఆనాడు తెలియనిది కాదు. మరొక నిలువు ఏంటెన్నా జోడిస్తే ఏ వైపో తేలుతుంది. వేరొక కేంద్రం నుండి రెండవ గీత తీసుకుంటే, రెండూ కలిసే చోటే విమానం. అయినా వారిని నిందించడానికి నాకు నోరు రాదు. సముద్రం మీదనే ఉన్నామనుకున్నవారికి సముద్రమనే జవాబు వస్తే అనుమానం ఎక్కడ పుడుతుంది? మనమూ అంతే సోదరులారా! మనసులో ముందే కుదుర్చుకున్న జవాబు చెవిన పడగానే అడగడం మానేస్తాము.

ఇంధనం అయిపోవస్తుండగా వారు పారాచూట్లతో దూకారు. ఒకరు అప్పుడే మరణించారు. మిగిలిన ఎనిమిది మంది, సముద్రం దగ్గరే ఉన్నదనుకొని, సగం సీసా నీటితో ఉత్తరానికి నడిచారు. తీరం వందల కిలోమీటర్ల దూరాన ఉన్నది. ఒక్కరూ బ్రతకలేదు.

1958లో చమురు అన్వేషకుల కంట విమానం పడింది. అందులో త్రాగునీరు, ఆహారం, పనిచేసే రేడియో ఉన్నాయి. అవన్నీ వారు దూకిన చోటికి దక్షిణాన, దాదాపు 25 కిలోమీటర్లలోనే ఉన్నాయి.