గుర్రంలో ఐదో వంతు
(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుని ప్రసంగ పాఠం)



ఈసారి ప్రత్యేక సంచికకి విరమణ డబ్బు గురించి సభ్యుల అనుభవాలు వేస్తున్నామనీ, నన్ను గుర్రం సంగతి చెప్పమనీ కార్యదర్శిగారు కబురు చేశారు. నేను వెంటనే ఒప్పుకోలేదు. చేయి కాల్చుకున్న కథ నలుగురిలో చెప్పుకోవడం ఎనభయ్యో ఏట కూడా కష్టమే. అయితే కిందటి నెల మన సభ్యుడొకరు మా ఇంటికి వచ్చారు. ఈమధ్యనే రిటైరయ్యారు. పందెపు గుర్రంలో పదో వంతు వాటా ఇస్తామని ఎవరో ఆయన వెంట పడుతున్నారట. "గ్రాట్యుటీ చేతికొచ్చింది. మీకు అనుభవం ఉంది గదా, తీసుకోమంటారా?" అని అడిగారు. ఆ రోజు కాఫీ ఇచ్చి పంపించి, జవాబు సభలో చెబుతానన్నాను. ఆయన ఇప్పుడు మూడో వరుసలో కూర్చుని ఉన్నారు. కాబట్టి చెప్పక తప్పదు.

నాడా దొరికిందని గుర్రాన్ని కొన్నట్టు అని మనవాళ్లు సామెత చెబుతారు. మాకు నాడా కూడా దొరకలేదు. 2005లో నేను అరవై నిండి రిటైరయ్యాను. సాయంత్రం పార్కులో కలిసే ఐదుగురం స్నేహితులం. అందులో ఒకాయనకి గుర్రాల వాళ్లతో పరిచయం. ఒకరోజు తెల్లవారుజామున ఐదింటికి మమ్మల్ని మలక్‌పేట తీసుకెళ్లాడు.

మలక్‌పేట పందాలు ఈనాటివి కావు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ హయాంలో 1886లో అక్కడికి వచ్చాయి. మధ్యలో సికింద్రాబాదు పరేడ్ మైదానానికి తరలిపోయి, 1968లో మళ్లీ సొంత చోటుకి చేరాయి. ముప్ఫై అయిదేళ్లు ఆఫీసుకి అటువైపు బస్సులో వెళ్లినా లోపలికి అడుగు పెట్టింది ఆ రోజే. మంచులోంచి గుర్రాలు ఒక్కొక్కటీ వస్తున్నాయి. కనబడక ముందే వాటి ఊపిరి వినబడుతుంది. ఆ తరవాత నేల అదురుతుంది. మా ఐదుగురికీ మాట పడిపోయింది. అక్కడే మనసు జారింది.

ఆ నవంబరులో ఏడాదిన్నర వయసున్న ఆడపిల్ల గుర్రాన్ని మూడు లక్షలకి కొన్నాం. మనిషికి అరవై వేలు. క్లబ్బులో పేర్లు నమోదయ్యాయి. దాని అసలు పేరు చెప్పను. మేము 'అమ్మాయి' అనేవాళ్లం. ఇంకో తమాషా ఏమిటంటే, మన దేశంలో పందెపు గుర్రం ఎప్పుడు పుట్టినా జనవరి 1న దానికి ఒక ఏడు నిండినట్టు లెక్క. మనలో చాలామందికి సర్వీసు రిజిస్టరులో జూలై 1 ఉన్నట్టే.

ఇక్కడ ఒక తప్పు ఒప్పుకోవాలి. ఆ అరవై వేల సంగతి మా ఆవిడకి చెప్పలేదు. ఫిక్స్‌డ్ డిపాజిట్ వేశానన్నాను. మొదటి నెల బిల్లు పోస్టులో ఇంటికి వచ్చినప్పుడు ఆవిడ విప్పి చూసింది. "ఏమండీ, మనింట్లో లూసర్ను గడ్డి ఎవరు తింటున్నారు?" అని అడిగింది. అంతే. తరవాత పది రోజులు నాతో మాట్లాడలేదు.

గుర్రం కొన్న ధర అసలు ధర కాదని ఆ బిల్లు చూశాక గాని నాకు తెలియలేదు. ట్రైనరు ఫీజు, లాయం అద్దె, ఓట్సు, తవుడు, గడ్డి, సైసు జీతం, నాడాలు మార్చే కూలి, పశువైద్యుడు, మందులు. అప్పట్లో నెలకి పదహారు వేలు. నా వాటా 3,200. నా పెన్షనులో మూడో వంతుకు పైగా. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని ఊరికే అనలేదు. అది పరిగెత్తిన నెలా అంతే, పడుకున్న నెలా అంతే. 2020 మార్చిలో కరోనా వచ్చి దేశమంతా పందాలు ఆగిపోయినప్పుడు గుర్రాల యజమానులు ఏం పడి ఉంటారో నేను ఊహించగలను. పందాలు ఆగాయి గాని గుర్రాల ఆకలి ఆగలేదు గదా.

మొదటి ఏడాది అమ్మాయి పందెంలో దిగనే లేదు. లేత ఎముకలు, ముందు కాళ్లకి నొప్పి, విశ్రాంతి ఇవ్వాలన్నారు. బిల్లుకి మాత్రం విశ్రాంతి లేదు. 2007 జనవరిలో మొదటిసారి దిగింది. పది గుర్రాల్లో ఎనిమిదోది. ఆ పైన ఒకసారి అయిదు, ఒకసారి మూడు. మూడో స్థానానికి కూడా కొంత డబ్బు వస్తుంది. ఆ రోజు ఐదుగురం ఇరానీ హోటల్లో బిర్యానీ తిన్నాం. వచ్చిన దానికన్నా బిర్యానీకే ఎక్కువైంది.

అదే ఏడాది సెప్టెంబరులో, వాన వెలిసిన మధ్యాహ్నం, 1200 మీటర్ల పందెంలో అమ్మాయి గెలిచింది. మూలమలుపు దాకా వెనక ఉన్నది, చివరి రెండువందల మీటర్లలో బయటి వైపు నుంచి వచ్చింది. మొత్తం ఒకటింపావు నిమిషం కూడా పట్టలేదు. గెలిచిన గుర్రాన్ని యజమానులు పట్టుకుని లోపలికి నడిపించుకురావడం ఆనవాయితీ. ఐదుగురం ముసలివాళ్లం ఒకే పగ్గం పట్టుకుని నడిచాం. జీవితంలో నాకు ప్రమోషన్ ఆర్డరు వచ్చినప్పుడు కూడా అంత గర్వం కలగలేదు. ఫోటోలో నా చొక్కా గుండీ ఒకటి తప్పు కాజాలో ఉంది.

ట్రైనరుకీ, జాకీకీ, లాయంలో వాళ్లకీ వాటాలు పోగా మనిషికి దాదాపు 19,000 మిగిలింది. ఆరు నెలల బిల్లుకి కొద్దిగా తక్కువ.

మిత్రులారా, నష్టం వచ్చిన రోజు మనిషి జాగ్రత్తగానే ఉంటాడు. మా కష్టాలు గెలిచిన రోజు నుంచే మొదలయ్యాయి. పందాల్లో ప్రతి గుర్రానికీ రేటింగు అని ఒక అంకె ఇస్తారు. గెలిస్తే అంకె పెరుగుతుంది. అంకె పెరిగితే పై తరగతిలో పరిగెత్తాలి, లేదా ఎక్కువ బరువు మొయ్యాలి. జాకీ బరువు చాలకపోతే జీనుతో సీసపు పలకలు కలుపుతారు. అన్ని గుర్రాలకీ సమానంగా అవకాశం ఉండాలని ఆ ఏర్పాటు. న్యాయమే. కాని కొత్త యజమానికి అది తెలిసీ తలకెక్కదు. ఒకసారి గెలిచింది గదా, మళ్లీ గెలుస్తుందనుకుంటాడు.

మాలో ఒకాయన అలాగే అనుకున్నాడు. యజమానులం మనకి తెలియకపోతే ఎవరికి తెలుస్తుందన్నాడు. తరవాతి పందెంలో అమ్మాయి మీద పెద్ద మొత్తం కాశాడు. ఎంతో ఇప్పటికీ మాకు చెప్పలేదు. అమ్మాయి ఎక్కువ బరువుతో శక్తికొద్దీ పరిగెత్తి నాలుగోది వచ్చింది. ఆయన ఆ నెల నుంచి బిల్లు కట్టడం మానేశాడు. పార్కుకి రావడం కూడా మానేశాడు.

1996లో సుప్రీంకోర్టు, గుర్రప్పందెం ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన ఆటే అని తీర్పు చెప్పింది. కాదనడానికి నేనెవర్ని? కాని ఆ నైపుణ్యం మా ఐదుగురిలో ఎవరికుందో కోర్టువారు చెప్పలేదు. భారతంలో నలుడికి అశ్వహృదయం తెలుసు, ఋతుపర్ణుడికి అక్షహృదయం తెలుసు. ఒకరిది ఒకరు నేర్చుకున్నాకే నలుడి కష్టాలు తీరాయి. పందెపు గుర్రంలో వాటా కొనేవాడికి ఆ రెండు విద్యలూ కావాలి. మాకు రెండూ లేవు.

మా మధ్య కాగితం కూడా ఏమీ లేదు. ముప్ఫై ఏళ్ల స్నేహం, కాగితం దేనికనుకున్నాం. ఒకరు కట్టకపోతే ఏం చెయ్యాలో ఎక్కడా రాసుకోలేదు. మిగిలిన నలుగురం నాలుగేసి వేలు కట్టాం. మాట్లాడుకునేటప్పుడు గొంతులు పెరిగాయి.

2008 నవంబరులో అమ్మాయి ముందు కాలిలో, కండనీ ఎముకనీ కలిపే తాడులాంటి నరం చిరిగింది. నయం కావడానికి ఏడాది పట్టవచ్చు, అప్పుడైనా పరిగెత్తుతుందని పూచీ లేదన్నాడు వైద్యుడు. ఏడాదంటే మళ్లీ రెండు లక్షలకి దగ్గర. మాలో ఒకరు, పెళ్లి ఊరేగింపులకి గుర్రాలు తిప్పేవాడెవడో పాతిక వేలిస్తానంటున్నాడనీ, ఇచ్చేసి చేతులు కడుక్కుందామనీ అన్నారు. బ్యాండు మేళాల మధ్య, టపాకాయల మధ్య, కుంటి కాలితో. నేను ఒప్పుకోలేదు, అలాగని కాదనడానికి జేబులో డబ్బూ లేదు. ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పాను.

మూడేళ్లుగా "మీ అమ్మాయి మేతకి ఈ నెల ఎంతయింది?" అని దెప్పిన మనిషి ఆవిడ. కాసేపు ఊరుకుని, "అమ్మాయి అని పిలిచి ఇప్పుడు అలా పంపిస్తారా? మంచి చోటు దొరికేదాకా కట్టండి. ఇంటి ఖర్చు నేను సర్దుకుంటాను" అంది. మరి మూడు నెలలు కట్టాం. 2009 ఫిబ్రవరిలో ఒక గుర్రాల ఫారం వాళ్లు తల్లి గుర్రంగా పెట్టుకుంటామన్నారు. పైసా తీసుకోకుండా ఇచ్చేశాం. ఆ తరవాత రెండుసార్లు వెళ్లి చూశాం. రెండోసారి పక్కన పిల్ల ఉంది. మా ఆవిడ కొంగులో క్యారెట్లు కట్టుకుని వచ్చింది.

ఇప్పుడు లెక్క. మనం ఆఫీసుల్లో లెక్కలు చూసినవాళ్లమే. వాటా 60,000. ఇరవై నాలుగు నెలలు 3,200 చొప్పున 76,800. పదిహేను నెలలు 4,000 చొప్పున 60,000. కాలి వైద్యానికి నా వంతు 9,200. మొత్తం 2,06,000. వచ్చినవి, గెలుపుకి 19,000, ఇతర స్థానాలకి 12,000, వెరసి 31,000. నికర నష్టం 1,75,000. అదే 2005లో పోస్టాఫీసులో వయోవృద్ధుల పొదుపు పథకం 9 శాతం ఇస్తోంది. ఆ మొదటి అరవై వేలు అందులో వేసి ఉంటే మూడు నెలలకోసారి 1,350 రూపాయలు కదలకుండా వచ్చేవి. పైగా ఆదాయపు పన్ను చట్టంలో పందెపు గుర్రాల నష్టాన్ని గుర్రాల ఆదాయంలోంచే మినహాయించుకోవాలి, నాలుగేళ్లు మాత్రమే ముందుకు తీసుకెళ్లవచ్చు. పెన్షను మీద పన్ను అందువల్ల ఒక్క రూపాయి తగ్గదు.

వాటా అమ్మేవాళ్లు ఈ లెక్క చెప్పరు. వేల్సు దేశపు కథ చెబుతారు. ఆ కథ నిజమే. కెవన్ ఫారెస్ట్ అనే పల్లెలో, పగలు శుభ్రం చేసే పనీ, రాత్రి బారులో పనీ చేసుకునే జ్యాన్ వోక్స్ అనే ఆవిడ, భర్తతో కలిసి 350 పౌండ్లకి ఒక ఆడ గుర్రాన్ని కొంది. దానికి పుట్టిన పిల్లని పెంచడానికి 23 మంది ఊరివాళ్లు వారానికి పది పౌండ్లు వేసుకున్నారు. దాని పేరు డ్రీమ్ అలయన్స్. 2008లో దానికీ మా అమ్మాయికి తగిలిన లాంటి దెబ్బే తగిలింది. అది గెలిచిన డబ్బులోంచే ఇరవై వేల పౌండ్ల దాకా పెట్టి మూలకణాల చికిత్స చేయించారు. 2009 డిసెంబరులో అది వెల్ష్ నేషనల్ గెలిచింది. 2020లో సినిమా కూడా తీశారు. అంతా అయ్యాక ఒక్కొక్కరికి మిగిలిన లాభం 1,430 పౌండ్లు. అంత అద్భుతం జరిగితే మిగిలేది అంత. రెండో వైపు కూడా వినండి. 2006లో అమెరికాలో ది గ్రీన్ మంకీ అనే గుర్రాన్ని కోటీ అరవై లక్షల డాలర్లకి కొన్నారు. మూడు పందాల్లో పరిగెత్తి ఒక్కటీ గెలవలేదు. సంపాదించింది 10,440 డాలర్లు. కొన్నవాళ్లు మనలా తెలియనివాళ్లు కారు, ప్రపంచంలో ఆ విద్యలో ఆరితేరినవాళ్లు.

ఇప్పటి పరిస్థితి ఇంకొంచెం గట్టిది. 2017లో పందాల మీద 28 శాతం జీఎస్టీ వచ్చింది, 2025 సెప్టెంబరులో అది 40 శాతమైంది. అది పందెం కాసేవాడి మీద పన్నే. కాని కాసేవాళ్లు తగ్గితే క్లబ్బులకి రాబడి తగ్గుతుంది. బహుమతి డబ్బులో చాలా భాగం ఆ రాబడిలోంచే రావాలి.

కాబట్టి, మూడో వరుసలో కూర్చున్న సోదరుడికి నా జవాబు ఇది. గ్రాట్యుటీతో వద్దు. అందులో ఒక్క రూపాయితోనూ వద్దు. పిల్లలు స్థిరపడి, మందులకీ ఇంటికీ పోగా ఇంకా మిగిలితే, కాశీయాత్రకి ఖర్చు పెట్టినట్టు తిరిగి రాదనుకుని పెట్టగలిగితే, అప్పుడు ఆలోచించండి. అప్పుడు కూడా ధర అడక్కండి, నెల ఖర్చు అడిగి మూడేళ్లకి లెక్క కట్టండి. ఎవరైనా కట్టడం మానేస్తే ఏం చెయ్యాలి, ఎవరి మాట చెల్లాలి, గుర్రం కాలు విరిగితే ఎక్కడికి పంపాలి, ఇవన్నీ స్నేహితులైనా సరే కాగితం మీద రాసుకోండి. మీ గుర్రం మీద మీరు పందెం కాయకండి. అన్నిటికన్నా ముందు ఇంట్లో చెప్పండి. అక్కడే సగం ఆలోచన తేలిపోతుంది.

మళ్లీ వయసు వెనక్కి వస్తే కొంటావా అని మా మనవడు అడుగుతుంటాడు. కొనను. కాని మంచులో ఆ గుర్రాలు రావడం చూడకుండా పోయి ఉంటే బాగుండునని మాత్రం అనలేను. ఉదయపు గుర్రాలని చూడాలని మీకుంటే పరిచయం ఉన్నవారి వెంట ఒకరోజు వెళ్లి చూసి రండి. వాటా అక్కర్లేదు.

పార్కు మానేసిన ఆ స్నేహితుడి సంగతి చెప్పి ముగిస్తాను. ఆరేళ్ల తరవాత మా ఆవిడే వాళ్లింటికి వెళ్లి భార్యాభర్తలిద్దర్నీ భోజనానికి పిలుచుకొచ్చింది. బాకీ మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. గోడ మీద ఐదుగురం పగ్గం పట్టుకున్న ఫోటో ఉంది. దాని ముందు చాలాసేపు నిలబడి, "నీ గుండీ తప్పు పెట్టుకున్నావురా" అన్నాడు.